జి-ఏ-ఓ-ఎల్ అని రాసి జైలు అని చదివిన మాట

ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ రెండేళ్ళ శిక్ష పూర్తిచేసుకుని బయటికొచ్చాక రాసిన దీర్ఘ కవిత 1898లో పుస్తకంగా వచ్చింది. దాని మీద మొదట్లో ఆయన పేరు లేదు. పేరుండాల్సిన చోట సి.3.3. అని మాత్రమే ఉంది. అది ఆయన్ని ఉంచిన గది గుర్తు: సి బ్లాకు, మూడో అంతస్తు, మూడో గది. కవిత పేరు ది బాలడ్ ఆఫ్ రెడింగ్ జెయిల్. ఇంగ్లిష్ తెలిసినవాళ్ళు కూడా ఆ పేరు దగ్గర రెండుసార్లు తడబడతారు. ఊరి పేరు చూడ్డానికి రీడింగ్ లాగే ఉంటుంది గానీ పలకాల్సింది రెడింగ్ అని. ఆ పక్కనున్న మాట జి-ఏ-ఓ-ఎల్. అక్షరాలు కూడబలుక్కుంటే గావోల్ అని వస్తుంది. కొందరు దాన్ని ఫుట్‌బాల్ గోల్ అనుకుని, అచ్చుతప్పు పడిందని సరిపెట్టుకుంటారు. నిజానికి అది జైలు. ఉచ్చారణలో కూడా జైలే. రాత మాత్రమే వేరు.

జైలు అన్నమాట తెలుగులో ఎంత కలిసిపోయిందంటే అది పరాయి మాట అని ఎవరికీ తట్టదు. జైల్లో ఉన్నాడు, జైలుపాలయ్యాడు, జైళ్ళ శాఖ అంటూ తెలుగు మాటలకు పట్టే విభక్తులన్నీ దానికీ పట్టేశాయి. చిప్పకూడు తినడం, కటకటాలు లెక్కపెట్టడం, శ్రీకృష్ణ జన్మస్థానానికి వెళ్ళడం లాంటి పలుకుబళ్ళు దాని చుట్టూ అల్లుకున్నాయి. ఇంత మామూలు మాటకు దాని సొంత భాషలో రెండు రాతలు ఎందుకున్నాయి? పలకని రాత అన్ని వందల ఏళ్ళు ఎలా నిలబడింది? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే భాషతో పాటు ఒక రాజ్యం తన కాగితాలను ఎలా నడిపిందో, మనుషుల్ని ఎలా బంధించిందో కూడా తెలుస్తుంది.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని కావియా. గుల్ల, బోను, పంజరం అని అర్థం. దాని చిన్న రూపం కావియోలా, అంటే చిన్న పంజరం. అదే జనం నోట నలిగి గాయోలా లాంటి రూపాలు పొందింది. ఇంగ్లిష్‌లో పంజరాన్ని కేజ్ అంటారు కదా, అదీ ఈ కావియా నుంచి వచ్చిందే. అంటే కేజ్, జైలు అన్నదమ్ముల పిల్లలు. పోర్చుగీసు వాళ్ళు ఇవాళ్టికీ పిట్ట పంజరాన్ని గయోలా అంటారు. స్పానిష్‌లో హౌలా అన్నా పంజరమే. ఆ రెండు భాషల్లో పిట్టల దగ్గరే ఆగిన మాట ఫ్రెంచిలో, దాని వెంట ఇంగ్లిష్‌లో, మనుషుల మీదికి మళ్ళింది. మాటిమాటికీ జైలుకెళ్ళొచ్చేవాణ్ణి 17వ శతాబ్దం నుంచీ ఇంగ్లిష్‌లో జైలు పక్షి అంటున్నారు. ఆ పేరు పెట్టినవాళ్ళకు లాటిన్ మూలం గుర్తుండి పెట్టారని కాదు. కానీ పంజరం నుంచి పుట్టిన మాటకు మళ్ళీ పక్షే జతపడింది.

ఇక రెండు రాతల సంగతి. 1066లో ఫ్రాన్స్ ఉత్తరాన ఉన్న నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచాడు. అతనితో వచ్చిన దొరలు మాట్లాడింది ఫ్రెంచే గానీ పారిస్ ఫ్రెంచి కాదు. మన దగ్గర కోస్తా మాటకూ తెలంగాణ మాటకూ మధ్య తేడా ఉన్నట్టే నార్మన్ మాటకూ పారిస్ మాటకూ తేడాలుండేవి. అచ్చు 'అ' ముందు వచ్చే 'క', 'గ' ధ్వనులు పారిస్ వైపు మెత్తబడి 'చ', 'జ' అయ్యాయి. నార్మండీలో గట్టిగానే నిలిచాయి. అందుకే పంజరం మాట నార్మన్ల నోట గయోల్, పారిస్ వాళ్ళ నోట జయోల్. మొదట దొరల వెంట నార్మన్ రూపం ఇంగ్లండులో దిగింది. తర్వాత రెండు మూడు వందల ఏళ్ళలో పారిస్ ఫ్రెంచికి గౌరవం పెరిగి ఆ రూపమూ వచ్చి చేరింది. తోటను ఫ్రెంచి వాళ్ళు ఇప్పుడు జార్దాఁ అంటుంటే ఇంగ్లిష్ వాళ్ళు గార్డెన్ అనడానికీ ఇదే కారణం. తోట విషయంలో నార్మన్ 'గ' గెలిచింది. జైలు విషయంలో నోటిలో పారిస్ 'జ', కాగితం మీద నార్మన్ 'గ' గెలిచి, పంచాయితీ తెగకుండా మిగిలింది.

ఇలా ఒకే మాట రెండు దారుల్లో ఇంగ్లిష్‌లోకి రావడం ఒక్క జైలుతో ఆగలేదు. వాటిలో కొన్ని జతలు తెలుగువాళ్ళ నోట రోజూ మెదిలేవే. ఫోను కొన్నప్పుడు అడిగే వారంటీ నార్మన్ దారిన వచ్చింది. గ్యారంటీ పారిస్ దారిన వచ్చింది. మూలం ఒక్కటే. హాస్టల్ వార్డెన్, స్కూల్ ఫారంలో సంతకం పెట్టే గార్డియన్ కూడా ఇలాంటి జతే. వార్డు, గార్డు అంతే. ఇక్కడ తేడా 'వ', 'గ' ధ్వనుల మధ్య. నార్మన్లు 'వ' దగ్గర ఆగారు, పారిస్ వాళ్ళు దాన్ని 'గ' చేశారు. ఆ జతల్లో ఒక్కో మాటా ఒక్కో అర్థం పంచుకుని వేరు కాపురం పెట్టింది. జైలు జతకు ఆ అవకాశం రాలేదు. అర్థం ఒకటే, ఉచ్చారణా ఒకటే అయింది. మిగిలింది అక్షరాల తేడా ఒక్కటే.

అచ్చుయంత్రం రాక ముందు, వచ్చాక చాలాకాలం కూడా, ఇంగ్లిష్‌లో స్పెల్లింగుకు కట్టుబాటు లేదు. రాసేవాడు చెవికి తోచినట్టు రాసేవాడు. ఈ మాటకే గయోల్, గెయిల్, జెయిల్ అని పలికేలా డజనుకు పైగా రాతలు కనిపిస్తాయి. కొన్నింట్లో ఐ అక్షరం బదులు వై. కొన్నింటి చివర పలకని ఇ. జె అక్షరం సంగతి ఇంకా చిత్రం. 17వ శతాబ్దం దాకా ఇంగ్లిష్ అచ్చులో ఐ, జె వేరు వేరు అక్షరాలుగా స్థిరపడలేదు. ఒకే అక్షరం రెండు పనులూ చేసేది. అందుకే ఆ కాలపు పుస్తకాల్లో జైలరు అనే మాట ఐ అక్షరంతో మొదలవుతుంది. ఇప్పటి కళ్ళతో చూస్తే అది అయిలర్ లాగా ఉంటుంది. పాత ప్రతులు చదివేటప్పుడు ఈ ఒక్క విషయం తెలియకపోతే ముందుకు సాగడం కష్టం.

గట్టి 'గ'తో పలికే గెయిల్ కూడా కొంతకాలం జనం నోట బతికింది. గేలర్ అనే ఇంటిపేరు ఇంగ్లండులో ఇప్పటికీ ఉంది. దాని అర్థం జైలరే. ఇంటిపేర్లు పాత ఉచ్చారణను పట్టి ఉంచుతాయి. మన కరణంవారు, తలారివారు కరణీకం, తలారీ పని పోయినా ఆ పేర్లతోనే ఉన్నట్టు, జైలరు మనవలు ఏ పనిలో ఉన్నా గేలర్లుగానే మిగిలారు.

జనం నోట 'జ' గెలిచాక కూడా జి అక్షరం ఎందుకు పోలేదు అంటే, కారణం కచేరీ కాగితం. 1166లో రెండో హెన్రీ రాజు క్లారెండన్ అనే చోట చేసిన శాసనంలో, జైలు లేని ప్రతి కౌంటీలోనూ (మన జిల్లా లాంటిది) రాజు సొమ్ముతో, రాజు అడవి కలపతో జైలు కట్టాలని ఉంది. ఆ శాసనం లాటిన్‌లో రాశారు. అందులో వాడిన మాట గాయోలా. అక్కడి నుంచి న్యాయాధికారుల నియామక పత్రాలు, షెరీఫులకు (కౌంటీలో రాజు తరఫు అధికారులకు) పంపిన ఆజ్ఞలు, లెక్కల చిట్టాలు అన్నీ ఆ జి అక్షరంతోనే నడిచాయి. గుమస్తా పాత కాగితం చూసి కొత్త కాగితం రాస్తాడు. ఒక పత్రం చెల్లాలంటే ముందటి పత్రంలో ఉన్న మాటలే ఉండాలి. మన దగ్గర పాత దస్తావేజుల్లోని దఖలుపరచడం, ఇందుమూలముగా లాంటి మాటలు వాడుక భాషలో ఎప్పుడో పోయినా రిజిస్ట్రేషన్ కాగితాల్లో పోలేదు. జి-ఏ-ఓ-ఎల్ కూడా అలా బతికిందే.

1755లో శామ్యూల్ జాన్సన్ తన ప్రసిద్ధ నిఘంటువు వెలువరించేనాటికి ఈ చిక్కు బాగా ముదిరింది. జి-ఏ-ఓ-ఎల్ దగ్గర ఆయన రాసిన మాటల సారం ఇది: దీన్ని పలికేది ఎప్పుడూ జెయిల్ అనే, అలా రాసేవాళ్ళు కూడా మరీ ఎక్కువయ్యారు, కొందరైతే గోల్ అని రాస్తున్నారు. నోటిలో అదే ఉందని ఒప్పుకుంటూనే రాతలో అది ఎక్కువైందని ఆయన బాధపడ్డాడు. అట్లాంటిక్ అవతల నోవా వెబ్‌స్టర్‌కు ఆ బాధ లేదు. 1828 నాటి తన నిఘంటువులో, ఈ జి రాత గోల్ అనే వేరే మాటతో కలిసిపోతోంది గనక అంతటా జె-ఏ-ఐ-ఎల్ అని రాసి అలాగే పలకడం మంచిదని సూటిగా చెప్పాడు. అమెరికా ఆ దారి పట్టింది. బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా పాత రాతను 20వ శతాబ్దంలోకి మోసుకొచ్చాయి.

గోల్‌తో కలిసిపోవడం అన్నది చిన్న విషయం కాదు. నాలుగు అక్షరాల్లో నడుమనున్న రెండూ అటూఇటూ మారితే చాలు, జైలు కాస్తా లక్ష్యం అయిపోతుంది. 18వ శతాబ్దపు కోర్టు నివేదికల్లో, పత్రికల్లో దొంగల్ని గోల్‌కు పంపినట్టు అచ్చయిన చోట్లు కోకొల్లలు. కొన్ని కంపోజిటర్ చేతి తప్పులు. కానీ అన్నీ తప్పులే అని కొట్టిపారేయడం సరికాదు. స్పెల్లింగు స్థిరపడని కాలంలో ఆ రాత కూడా కొందరి అలవాటే. పాత ఇంగ్లిష్ పత్రాలను కంప్యూటర్లో వెతికేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుని మూడు రాతలతోనూ వెతకాలి. లేకపోతే సగం జైళ్ళు దొరకవు.

అక్షరాల కథ కన్నా పాత వాడుకల కథ ఇంకా లోతైనది. ఇప్పుడు జైలు అంటే శిక్ష అనుభవించే చోటు అని మొదట తోస్తుంది. మధ్యయుగపు ఇంగ్లండులో జైలు పని ప్రధానంగా అది కాదు. విచారణ జరిగే దాకా మనిషి పారిపోకుండా పట్టి ఉంచడం దాని పని. శిక్ష అంటే ఉరి, కొరడా దెబ్బలు, జరిమానా, తర్వాత్తర్వాత ద్వీపాంతరం. జైలు వాటికి ముందుండే గది. రాజు పంపిన న్యాయమూర్తులు ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే ఊరికి వచ్చేవాళ్ళు. వాళ్ళొచ్చే దాకా లోపలున్నవాడు వేచి ఉండాల్సిందే.

ఆ వేచి ఉండడంలో నుంచి ఒక పాత మాటల జంట పుట్టింది: జెయిల్ డెలివరీ. ఇప్పటి చెవికి అది జైలుకు పార్సిలు చేర్చినట్టు వినిపిస్తుంది. డెలివరీ అంటే మొదటి అర్థం విడిపించడం. క్రైస్తవుల ప్రార్థనలో కీడు నుంచి మమ్మల్ని తప్పించు అన్న చోట ఇంగ్లిష్‌లో ఉండే క్రియ ఇదే. కాన్పును డెలివరీ అనడంలోనూ ఆ అర్థమే ఉంది, తల్లికి భారం నుంచి విడుదల. జెయిల్ డెలివరీ అంటే న్యాయమూర్తులు వచ్చి లోపలున్న ప్రతివాడి సంగతీ తేల్చి ఆ జైలును ఖాళీ చేయడం. నిర్దోషిని ఇంటికి పంపినా, దోషిని ఉరికంబానికి పంపినా, రెండూ డెలివరీయే. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు నివేదికల తలకట్టులో ఈ మాటలు తరచూ కనిపిస్తాయి.

ఈ మాటలు ఓడెక్కి మన దేశానికీ వచ్చాయి. కలకత్తాలో సుప్రీం కోర్టు పెట్టడానికి వీలు కల్పించిన 1773 నాటి రెగ్యులేటింగ్ చట్టంలో, ఆ కోర్టు కలకత్తా పట్టణానికి జెయిల్ డెలివరీ కోర్టుగా కూడా ఉంటుందని రాశారు. నార్మండీ దొరలు ఇంగ్లండుకు తెచ్చిన మాట ఏడు వందల ఏళ్ళ తర్వాత హుగ్లీ ఒడ్డున చట్టమైంది.

పాత జైలు నడిచిన తీరు తెలిస్తే ఇంకొన్ని మాటల అసలు ముఖం కనిపిస్తుంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో చాలాచోట్ల జైలరుకు జీతం ఉండేది కాదు. ఖైదీల దగ్గర వసూలు చేసే ఫీజులే అతని రాబడి. లోపలికి వచ్చినందుకు ఫీజు, సంకెళ్ళు తేలికపరచినందుకు ఫీజు, బయటికి వెళ్ళేందుకు ఫీజు. తోటి ఖైదీలు కూడా ఊరుకోరు. కొత్తగా వచ్చినవాడు పాతవాళ్ళకు డబ్బు చెల్లించాలి. లేదంటే ఒంటి మీది బట్టలు విప్పి ఇవ్వాలి. ఆ వసూలు పేరు గార్నిష్. ఇవాళ కూర మీద కొత్తిమీర చల్లడానికి వాడే మాటే. అలంకరించడం అనే అర్థంతో వంటింట్లో స్థిరపడిన మాటకు ఆనాటి జైళ్ళలో ఉన్న అర్థం బలవంతపు వసూలు. కొన్ని లండన్ జైళ్ళలో దాన్నే చమ్మేజ్ అనేవారు. చమ్ అంటే గదిలో తోడుండేవాడు.

ఈ సంగతులన్నీ లోకానికి తెలిసేలా రాసిపెట్టినవాడు జాన్ హోవర్డ్. 1773లో ఆయన బెడ్‌ఫర్డ్‌షైర్‌కు హై షెరీఫ్ అయ్యాడు. ఆ పదవిలో చాలామంది జైలు గడప తొక్కేవాళ్ళు కాదు. ఈయన లోపలికి వెళ్ళి చూశాడు. నిర్దోషి అని తీర్పు వచ్చినవాణ్ణి కూడా జైలరు ఫీజు కట్టలేదని మళ్ళీ లోపలికి లాక్కెళ్ళడం ఆయన కంట పడింది. ఫీజులు తీసేసి జైలరుకు జీతం ఇవ్వండి అని కౌంటీ న్యాయాధికారుల్ని అడిగాడు. ఇంకెక్కడైనా అలా చేస్తున్న దాఖలా ఉంటే చూపమన్నారు వాళ్ళు. ఆ దాఖలా కోసం ఆయన గుర్రమెక్కి పక్క కౌంటీలకు వెళ్ళాడు. ఎక్కడికి వెళ్ళినా ఇదే అన్యాయం. ఆ తిరుగుడు ఆగలేదు. 1774లో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాడు. నిర్దోషుల్ని ఫీజు కోసం పట్టి ఉంచకూడదని ఆ ఏడాదే చట్టం వచ్చింది. జైళ్ళ స్థితి మీద ఆయన పుస్తకం 1777లో వెలువడింది. ఒక్కో జైలుకూ ఎన్ని గదులు, ఎంత గాలి, ఎన్ని నీళ్ళు, ఎంత రొట్టె అని లెక్కగట్టి రాశాడు. కోపాన్ని కొలతల్లోకి మార్చిన ఆ ఓపికను మించిన సంస్కరణ సాధనం ఆ కాలంలో ఇంకొకటి లేదు.

ఆ జైళ్ళ పేరు మీదే ఒక జబ్బు ఉండేది. జెయిల్ ఫీవర్, అంటే జైలు జ్వరం. ఇప్పటి పేరు టైఫస్. 1577లో ఆక్స్‌ఫర్డ్‌లో రోలండ్ జెంక్స్ అనే పుస్తకాల పనివాణ్ణి విచారించిన కోర్టులో అది అంటుకుని మూడు వందల మందికి పైగా చనిపోయారు. 1750లో ఓల్డ్ బెయిలీలో లండన్ మేయరుతో పాటు ఇద్దరు న్యాయమూర్తులు బలయ్యారు. చెడు గాలి వల్లే జ్వరం వస్తుందని అప్పటి నమ్మకం. అందుకే లండన్‌లోని న్యూగేట్ జైలు కప్పు మీద గాలిమర పెట్టి లోపలి గాలిని బయటికి లాగించారు. న్యాయమూర్తులు పూలగుత్తులు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఏడాదిలో కొన్ని రోజులు ఓల్డ్ బెయిలీలో ఆ పూలగుత్తుల ఆచారం ఇప్పటికీ ఉంది. అసలు కారణం గాలి కాదని, ఒంటి పేలు ఆ జబ్బును మోస్తాయని 1909లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ నికోల్ తేల్చాడు. హోవర్డ్ అప్పటికి చాలాకాలం ముందే, 1790లో, నల్లసముద్రం దగ్గరి ఖెర్సోన్‌లో జ్వరం వచ్చి చనిపోయాడు.

బాకీదార్ల సంగతి కూడా చెప్పాలి. జైలు అంటే అప్పు తీర్చలేనివాణ్ణి తీర్చే దాకా కూర్చోబెట్టే చోటు కూడా. 1824లో నవలాకారుడు చార్ల్స్ డికెన్స్ తండ్రిని 40 పౌండ్ల 10 షిల్లింగుల బాకీకి మార్షల్‌సీ జైల్లో పెట్టారు. పన్నెండేళ్ళ కొడుకు బూటు పాలిష్ తయారుచేసే చోట పనికి కుదిరాడు. లోపల కూర్చున్నవాడు సంపాదించి బాకీ ఎలా తీరుస్తాడని అడిగే తెలివి చట్టానికి రావడానికి 1869 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన చట్టంతో ఇంగ్లండులో అప్పు జైలు చాలావరకు ఆగింది.

అప్పటికే జి-ఏ-ఓ-ఎల్ కాళ్ళ కింద నేల కదిలింది. పాత చట్టంలో జైలు వేరు, చిన్న నేరగాళ్ళతో పని చేయించే దిద్దుబాటు గృహం వేరు. 1865 నాటి చట్టం ఆ రెంటినీ కలిపేసి ప్రిజన్ అనే ఒక్క పేరు పెట్టింది. చట్టంలో అండ పోయాక పాత రాత పత్రికల్లో, పుస్తకాల్లో, గోడల మీది పేర్లలో నిలిచింది. వైల్డ్ కవిత వచ్చింది ఆ సంధికాలంలోనే. తర్వాత అమెరికా పుస్తకాలు, సినిమాలు, చివరికి మోనోపలీ ఆటలో జైలుకు పొమ్మనే గడి కూడా కొత్త రాతనే మోశాయి. ఇప్పుడు బ్రిటిష్ పత్రికల్లోనూ జె రాతే మామూలు.

మన దేశంలో ఈ ఊగిసలాట త్వరగానే ముగిసింది. 1894 నాటి ప్రిజన్స్ చట్టంలో జె-ఏ-ఐ-ఎల్ అనే ఉంది, అధికారి పేరూ జైలర్ అనే. అయితే అదే మాట మన భాషల్లోకి ఒక్కో రూపంలో దిగింది. హిందీలో జేల్, తమిళంలో జెయిల్. ఆ రెండూ చెవికి వినబడ్డదానికి దగ్గర. తెలుగు, కన్నడ మాత్రం జైలు అన్నాయి. ఇంగ్లిష్ ఉచ్చారణలో ఐత్వం లేదు. ఏ పక్కన ఐ అక్షరం మాత్రం ఉంది. రైలు విషయంలోనూ ఇంతే. హిందీలో రేల్, తెలుగులో రైలు. చూడబోతే ఈ మాటలు మనకు చెవి దారిన కాక కొంత కంటి దారిన వచ్చినట్టున్నాయి. జి రాతే గనక అప్పుడు మన చట్టాల్లో ఉండి ఉంటే మనం గావోలు అని ఉండేవాళ్ళమేమో.

జైలు రాక ముందు తెలుగుకు మాటలు లేక కాదు. సంస్కృతం నుంచి కారాగారం ఉంది, ఇప్పటికీ సర్కారు బోర్డుల మీద కేంద్ర కారాగారం అనే ఉంటుంది. గోల్కొండ కాలం నుంచి ఖైదు, బందిఖానా ఉన్నాయి. కంచర్ల గోపన్నను ఉంచిన గదిని గోల్కొండ కోటలో ఇప్పటికీ రామదాసు బందిఖానా అనే చూపిస్తారు. వీటన్నిటికన్నా పాతది, అచ్చంగా మనది చెర. ఈ మాటకూ పాత రాత ఉంది. పాత పుస్తకాల్లో అది చెఱ, చెఱసాల. బండి ఱ అని పిలిచే ఆ శకటరేఫానికి ఒకప్పుడు వేరే ధ్వని ఉండేది. నోటిలో రెండు ర-లూ కలిసిపోయి వందల ఏళ్ళయినా రాతలో మాత్రం 20వ శతాబ్దం దాకా పట్టుకొచ్చాం. తమిళంలో జైలును సిఱై అంటారు, అక్కడ ఆ ఱ ఇంకా నిలిచే ఉంది. రెండూ పక్కపక్కన పెడితే చెఱ, సిఱై ఒకే తల్లి పిల్లలని తెలిసిపోతుంది. చెర అని రాస్తే ఆ చుట్టరికం కంటికి ఆనదు. అచ్చు సౌకర్యానికి ఱ వదిలేయడం తప్పు అనలేం, పిల్లలకు చదువు తేలికైంది. కానీ పోయింది అలంకారం కాదు, ఆధారం. ఇంగ్లిష్ వాళ్ళ జి కూడా సరిగ్గా అలాంటి ఆధారమే.

అర్థంలో కూడా చెర పాత జైలుకు దగ్గర. చెర అంటే శిక్ష కాదు, పట్టుబడి ఉండడం. సీత అశోకవనంలో ఉన్నది చెర. తీర్పు లేదు, గడువు లేదు, ఎవరో వచ్చి విడిపించాలి. మన జైళ్ళు చూస్తే ఈ పాత అర్థం ఎంత బతికుందో తెలుస్తుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైగా. అంటే ఇంకా ఏ కోర్టూ దోషి అని తేల్చనివాళ్ళే లోపల ఎక్కువ. బెయిలు వచ్చినా పూచీకత్తు డబ్బు లేక ఆగిపోయినవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, అలాంటి పేద ఖైదీలకు సాయం చేయడానికి కేంద్రం 2023లో ప్రత్యేకంగా ఒక పథకమే పెట్టాల్సి వచ్చింది. పథకం మొదలైనప్పుడు బెయిలు కోసం ఒక్కొక్కరికి 40,000 రూపాయల దాకా ఇవ్వవచ్చని పెట్టారు. 1773లో హోవర్డ్ చూసిన ఫీజు ఖైదీ, 1166లో శాసనం ఊహించిన విచారణ ఖైదీ ఇద్దరూ ఈ లెక్కల్లో ఉన్నారు. మొదటి నేరం మీద వచ్చినవాడు ఆ నేరానికి ఉండే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపితే విడుదల చేయాలని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరాలకు అది వర్తించదు. పాత ఇంగ్లిష్ మాటల్లో చెప్పాలంటే అది కూడా ఒక రకం జెయిల్ డెలివరీయే.

జి-ఏ-ఓ-ఎల్ రాత ఇప్పుడు ఎక్కడ ఉందంటే, చాలావరకు ఖైదీలు లేని చోట. డబ్లిన్‌లోని కిల్‌మైనమ్ జైలు 1796లో తెరిచారు, 1924లో మూసేశారు. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఐరిష్ తిరుగుబాటు నాయకుల్లో పద్నాలుగు మందిని కాల్చిచంపింది దాని పెరట్లోనే. ఇప్పుడది మ్యూజియం, బోర్డు మీద పాత రాతే. ఆస్ట్రేలియా బందిపోటు నెడ్ కెల్లీని 1880లో ఉరితీసిన మెల్‌బోర్న్ పాత జైలూ అంతే. వేల్స్‌లోని బ్యూమారిస్, ఐర్లండులోని కార్క్, విక్లో జైళ్ళూ అంతే. వైల్డ్ ఉన్న రెడింగ్ జైలు కూడా 2013తో ఖాళీ అయింది. కిల్‌మైనమ్ తలుపులు తెరిచిన 1796లోనే మన సంగారెడ్డిలో నిజాం ఏలుబడిలో ఒక జైలు కట్టారు. దాన్ని కూడా మ్యూజియం చేశారు. 2016లో అక్కడ 500 రూపాయలు కట్టి ఒక రోజంతా ఖైదీలా ఉండి చూసే ఏర్పాటు మొదలైంది. ఖైదీ బట్టలు ఇచ్చేవాళ్ళు, జైలు తిండి పెట్టేవాళ్ళు, రాత్రికి గదికి తాళం వేసేవాళ్ళు. మర్నాడు పొద్దున విడుదల.